శంఖగిరి చైత్యఫలకము

వర్షర్తువు వెడలి తెల్లని మేఘఖండములు సముద్రముమీఁదుగాఁ దీఱికగా సాఁగిపోవుచుండ, వానలకుఁ దడిసి నల్లఁబడిన శంఖగిరి శిలల సందులందు ఱెల్లు విరియఁబూచి యుండ, శిఖరాగ్రమునందలి మహాచైత్యము నూతనసుధాలేపధవళమై బాలసూర్యకిరణములు సోఁకి కన్నులు మిఱుమిట్లు గొల్పుచుండెను. భిక్షువులు వర్షావాసము ముగించు పున్నమ యగుటచేఁ గొండదారి యెల్ల నుపాసకజనముతో నిండియుండెను.

ఆ యుదయమున మూలదత్తుఁడను నోడవర్తకుఁడు ధవళాశ్వారూఢుఁడై కొండ నెక్కుచుండెను. తక్కినవారెల్లరుఁ గాలినడకనే పోవుచుండఁగాఁ జైత్యమునకుఁ గ్రొత్తగాఁ జలువఱాతి ఫలకము నర్పించిన మహాదాత యగుటచే నాతనికిఁ దోరణద్వారముదాఁక గుఱ్ఱముపైఁ బోవ ననుజ్ఞ లభించినది. పుణ్యమునకును బెత్తనమునకును నడుమ సరిహద్దు చెఱిపివేయుటలో ధనికులను మించినవారు లేరు.

ఆతఁడు తన ఫలకమును జూచుకొని మురియుటకు వచ్చుచున్నాఁడని జనులనుకొనిరి. అది పైమాట. ఆతని కన్నులకుఁ బొర క్రమ్ముచుండెను. ఇంకఁ గొంతకాలము గడచినచో మొగములు గుర్తుపట్టలేవని వైద్యుఁడు చెప్పియుండెను. చూపు పోకమున్నే యొక్క మొగము చూచుకొనవలయునని యాతఁ డెక్కుచుండెను.

ఆ మొగము మొదటి భార్య శ్యామనికది. పూర్వము వారికి గుఱ్ఱము లేదు. పెనిమిటి తొలి యోడప్రయాణమునుండి క్షేమముగా మరలినచోఁ జైత్యమునకు ఫలకము పెట్టెదనని మ్రొక్కుకొన్న యా యిల్లాలు మ్రొక్కు దీర్చుదినమున నాతని చేయి పట్టుకొని యీ దారినే నడచి యెక్కినది. నాఁటి శిల్పి బోధివృక్షమూలమున మోఁకరిల్లిన యుపాసిక కామె పోలికలే దిద్దెను. పేరుకూడఁ జెక్కింతమా యని మగఁ డడుగఁగా "నన్నెఱిఁగినవారికి మొగము చాలదా? పే రెందులకు?" అని నవ్వినది. ఆతఁడు మరల సువర్ణద్వీపమునకుఁ బోయియుండఁగా జ్వరపడి మరణించినది. తిరిగివచ్చిన యాతనికి బూడిదయు మిగులలేదు. ఆ శిలయే మిగిలెను. ఏఁటేఁట వచ్చి చూచెదనని నాఁ డేడ్చి ప్రతిజ్ఞ చేసినవాఁడు ఓడలు పెరిగినకొలఁది రాక మానివేసెను. తీఱిక లేదనుట యెంత మర్యాదగల సాకు!

కొండమలుపున నొక బండ కానవచ్చినది. అలసిన శ్యామనిక నాఁడు దానిపైఁ గూర్చుండెను. మూలదత్తుఁడు కళ్లెము బిగఁబట్టి గుఱ్ఱము నాఁపెను. ఆమె చేతి గాజులు జ్ఞప్తికి వచ్చినవి. కంఠస్వరము జ్ఞప్తికి వచ్చినది. మొగము రాలేదు. ఆతఁడు భయపడి గుఱ్ఱమును దోలెను.

తోరణముకడ శిల్పి నాగబోధి యెదురువచ్చి యాతనిఁ దూర్పుదెసకుఁ గొనిపోయెను. క్రొత్త ఫలకమున మూలదత్తుఁడు ఛత్రచామరసహితుఁడై యశ్వము నధిరోహించి చైత్యమునకు వచ్చుచున్నట్లు మలఁచఁబడియుండెను. పోలిక చక్కఁగాఁ గుదిరినది. ఆతఁడు దానివంక నొక్కమాఱు తల యూఁచి దక్షిణపార్శ్వమునకుఁ ద్వరత్వరగా నడచెను. అచటఁ దెల్లని సున్నపుగోడ మాత్రమే యున్నది.

"నాగబోధీ! బోధిమూలమున మోఁకరిల్లిన స్త్రీ యిచట నుండవలె. ఆ ఫలక మేది?"

"అయ్యా, తమరిప్పుడు చూచిన ఫలకమే యది. గనినుండి ఱాయి వచ్చుట జాగైనప్పుడు తమరు వార్త పంపితిరి గదా. దిక్కులేనివారు పెట్టిన ప్రాఁతఱాయి యేదేని యొకటి త్రిప్పి వెనుకవైపునఁ జెక్కుము, దాని నడుగువా రెవరు అని. పేరులేనిదానికై వెదకితిని. అదొక్కటియే దొరకినది."

మూలదత్తునకు జ్ఞప్తికి వచ్చెను. ఓడరేవున సరకు దింపించుచు నెవనిమీఁదనో కసరుచు నడుమ నలవోకగా నన్న మాట యది. పలికిన మఱుక్షణమున మఱచినాఁడు.

"పెకలించుము."

"సున్నము గట్టిపడినదయ్యా. పెకలించితిమా రెండు ముఖములును బగులును."

మూలదత్తుఁడు గోడపైఁ జేయి యానించెను. పిదప నెవరును వినకుండ మెల్లగా నడిగెను.

"ఆమె యెట్లుండెను?"

"తమవారా యయ్యా?"

"ఎట్లుండెనో చెప్పుము."

"నవ్వుచుండెను. ఈ చైత్యముపై నిందఱుపాసికలున్నను నవ్వినది యామె యొక్కతియే. ఎడమబుగ్గను సొట్ట. త్రిప్పి పడవేయుటకు నాకుఁ జేయి యాడలేదు. పాపము, ఎవరి యిల్లాలో యనుకొంటిని."

కట్టుకొన్నవాఁడు మఱచినదానిఁ బరాయివాఁడు కన్నులఁ గట్టినట్లు చెప్పుచుండెను. ఎడమబుగ్గ సొట్టను మూలదత్తుఁడు తలఁపునఁ బట్టి చూచెను. దానిచుట్టు మొగము కుదురలేదు. ఆతనికి దుఃఖముకన్న ముందు సిగ్గు కలిగెను.

ఇంతలో ఘంటానాదము వినవచ్చెను. ప్రదక్షిణము చేయు జనులు తూర్పుఫలకముకడ నిలిచి మహాదాత యశ్వపాదములకుఁ దామరలు పెట్టి మ్రొక్కిరి. మూలదత్తుఁడు కొండ దిగుటకును గుఱ్ఱమునే తెప్పించుకొనెను.

ఆ ఫలక మట్లే యున్నది. ఒక ముఖమున గుఱ్ఱమెక్కిన మూలదత్తుఁడు పట్టపగటి వెలుఁగున నెల్లరికిఁ గానవచ్చుచున్నాఁడు. రెండవ ముఖమున శ్యామనిక యిటుకలవంకఁ దిరిగి చీఁకటిలో నవ్వుచున్నది. నడుమ బెత్తెఁడు ఱాయి. ఆ దంపతులు వీఁపునకు వీఁపు చేర్చి, చైత్యము నిలిచినంతకాలము నిలిచియుండవలసినవారే.