తండ్రి ఎడమ పక్క జాగా

ఇస్రాయేలు తన జాగా తాను ముందే చూసి పెట్టుకున్నాడు. ప్రార్థన గుడి వెనక సమాధుల దొడ్డిలో తండ్రి యెల్లయ్యకు కుడి పక్కన తల్లి నర్సింగమ్మ ఉంది. ఎడమ పక్క ఖాళీ. ఆ ఖాళీకి తలాపున ఒకటి, కాళ్ల దిక్కు ఒకటి నల్లరాళ్లు పెట్టి ఇరవై ఏండ్లు దాటింది. ఊళ్లో ఎవరు పోయినా గుంట తవ్వేవాళ్లు ఆ రాళ్లను చూసి పక్కకు జరిగేవాళ్లు. సంఘ పెద్ద ఇస్రాయేలు జాగా అది.

ఇప్పుడు ఆ జాగా అడగడానికి భిక్షం వచ్చి ముందర కూచున్నాడు.

"అమ్మకు దినాలు దగ్గరవడ్డయే అన్నా," అన్నాడు. నందికొండ కాడ కడుతున్న సాగరు కట్ట మీద రాళ్లు మోసే మనిషి. తల్లికి బాగా లేదని కబురొస్తే నడుచుకుంటూ వచ్చాడు. కాళ్ల మీది దుమ్ము ఇంకా కడుక్కోలేదు. "బాపు పక్కన పండవెట్టుమంటాంది. ఒక్కటే మాట. పొద్దుగాల లేస్తే అదే, పొద్దు గూకితే అదే."

ఇస్రాయేలు తలెత్తలేదు. బావి నీళ్లు తోడే మోట బొక్కెన తొండానికి ఆరెతో బొక్క పొడిచి తోలు వారు లాగుతున్నాడు. ఊళ్లో రెండు బావులకు ఇంజన్లు వచ్చాయి. ఇంకా మోట తోలేది ముగ్గురో నలుగురో. ఈ బొక్కెన తర్వాత ఇంకోటి కుడతానో లేదో అని ఈ నడుమ ప్రతి బొక్కెనకూ అనుకుంటున్నాడు.

"ఆదివారం గడవనీ," అన్నాడు చివరికి.

"ఆదివారం దాక ఉంటదో ఉండదో."

"గడవనీ అన్నగద."

భిక్షం లేచాడు. పోతూ పోతూ, "పోయొస్తనే అన్నా," అన్నాడు. నలభై ఏండ్ల నుంచీ అతను అన్నా అనే అంటాడు. ఇస్రాయేలు నోట తమ్మీ అన్న మాట ఒక్కసారీ రాలేదు.

సంగతేమిటంటే, యెల్లయ్యకు ఇద్దరు ఆడవాళ్లు. పుస్తె కట్టింది నర్సింగమ్మకు. ఈదమ్మ ఒక కరువు ఏట మూట నెత్తిన పెట్టుకుని తోళ్లు నానేసే గుంతల కాడికి కూలికి వచ్చింది. పని ఒడిసింది, ఆమె పోలేదు. భిక్షం పుట్టాడు. నర్సింగమ్మ జ్వరంతో పోయాక ఆ ఇంట్లో గటక కాచింది, ఇస్రాయేలు కాలికి గొడ్డలి తగిలితే మూడు నెలలు పసుపు కట్టింది ఈదమ్మే. అయినా యెల్లయ్య పోయిన మూడో నాడు ఇస్రాయేలు పెద్దమనుషులను కూచోబెట్టి, పుస్తె లేనిది పెండ్లాం కాదు, పెండ్లాం కానిదాని కొడుకు పాలోడు కాదు అని తెగ్గొట్టాడు. తండ్రి చెలక, ఇల్లు, దొడ్డిలో ఎడమ పక్క జాగా, అన్నీ తనకే మిగిలాయి. తల్లీకొడుకులు ఒక కుండ, ఒక గొంగడి పట్టుకుని తోళ్ల గుంతల కాడి గుడిసెకు పోయారు. అది ఎండకాలం. గుంతలు ఊరికి ఎంతో దూరం లేవు. అడవిలోకి తోలలేదు కదా అని అప్పుడు ఇస్రాయేలు తనకు తాను చెప్పుకున్నాడు.

ఇక ఆదివారం సంగతి. అది మదార్ సాబ్‌తో వచ్చిన తంటా.

మదార్ సాబ్ దూదేకులాయన. అంగడి దారిలో ఒకే కొట్టంలో ఒక సగం ఆయన దూది, ఒక సగం ఇస్రాయేలు తోళ్లు. ఒకరి దుమ్ము ఒకరు పీల్చి, ఒకరి కంపు ఒకరు ఓర్చి ముప్పై ఏండ్లు. ఒకనాడు ఆయన దేవరకొండ మసీదులో ఎవరో మౌల్వీ చెప్పగా విని వచ్చి, దూది ఏకే విల్లు పక్కన పెట్టి అడిగాడు.

"ఏమయ్యా ఇస్రాయేలూ. 'నా లాంటి ప్రవక్త ఇంకొకడు మీ అన్నదమ్ములల్లకెళ్లి వస్తడు' అని మూసా నబీ చెప్పిండా లేదా?"

"మోషే చెప్పిండు. మా ఏసయ్య గురించే."

"అన్నదమ్ములల్లకెళ్లి అన్నడు గని, మీ ఇంట్లకెళ్లి అన్లేదు గద? ఇద్దరు కొడుకుల తండ్రాయె ఇబ్రాహీం. చిన్నోని పిల్లలు మీ గ్రంథపోళ్లు. పెద్దోడు ఇస్మాయిలు. ఆయన పిల్లలు వాళ్లకు అన్నదమ్ములు కారా? ఆ వంశంల వచ్చినోడే మా ప్రవక్త, మా రసూలు."

ఇద్దరూ దాని మీద నాలుగు అంగడి నాళ్లు వాదించుకున్నారు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. అక్కడే ఆగితే పోయేది. ఇస్రాయేలు ఆ మాట పోయి ప్రార్థన గుడి పాస్టరు అయ్యగారికి చెప్పాడు. అదే తప్పయింది.

అయ్యగారు గుంటూరు దిక్కు నుంచి కొత్తగా వచ్చిన పిల్లవాడు. రెండు రాష్ట్రాలూ కలిసి రెండేండ్లయింది, ఆయనతో పాటు ఆయన భాషా వచ్చింది. మంచివాడే. కానీ కొత్త ఎద్దు, కాడి బరువు ఇంకా తెలియదు. "దీన్ని వదలకూడదు తాతగారూ, అందరి ముందూ తేలిపోవాలి," అన్నాడు. మదార్ సాబ్ వినగానే, "ఆ పిలగానితోని నాకేం మాట? మాట్లాడితే ఇస్రాయేలుతోనే," అన్నాడు. అట్లా అది ముసలివాడి మెడకు పడింది. మూడు వారాలు అయ్యగారు జవాబు వల్లె వేయించాడు. ఇస్మాయిలు దాసి కొడుకు, దాసి కొడుకు అన్నదమ్ముల లెక్కలోకి రాడు. చివరికి అక్కడికే రావాలి. ఇస్రాయేలు తోలు నానేస్తూ అదే అనుకున్నాడు, తింటూ అదే అనుకున్నాడు. అనుకున్నకొద్దీ ఆ మాట ఎండిన తోలులాగా బిర్రబిగిసిపోయింది.

ఆదివారం ప్రార్థన ముగిశాక గుడి ముందర పందిరి కింద జనం కూడారు. మాల మాదిగ వాడలే కాదు, గొల్లలూ వచ్చారు, సాయబుల ఇండ్ల నుంచి నలుగురు వచ్చారు. వాన లేక చెలకలన్నీ పడావు పడి ఉన్నాయి, చేసే పని లేదు. గొర్ల కృష్ణయ్య గొంగడి పరుచుకుని ముందే కూచున్నాడు.

"జల్ది తేల్చుండ్రి," అన్నాడు. "మీరు చెప్పే ఇద్దరు ఎప్పుడో వచ్చి పోయిండ్రు. మా కల్కి ఇంకా గుర్రానికి జీనే కట్టలే."

"నీ కల్కి కాదు గని, ముందుగాల సాగరు కాలువ వస్తదా చెప్పు," అన్నారెవరో.

"మన గడ్డకు ఎక్కదంట. కిందోళ్లకేనంట."

నవ్వారు. ఆ నవ్వులోనే భిక్షం, వాడలోని ఇంకొక మనిషి నులకమంచం మోసుకొచ్చి పందిరి గుంజ పక్కన దించారు. మంచంలో ఈదమ్మ. మనిషి లేదు, బొంత ఉంది అన్నట్టుంది.

"ఎందుకు తెచ్చినవ్?" అన్నాడు ఇస్రాయేలు.

"వింటనంటాంది," అన్నాడు భిక్షం. "దేవుని మాట చెవునవడితే మంచిదంటాంది."

మదార్ సాబ్ భుజం మీది తువ్వాలు తీసి దులిపి, కూచుని, తన మాట చెప్పాడు. అంగట్లో చెప్పిందే, కొంచెం మెల్లగా. మూసాకు దేవుడు షరియతు చట్టం ఇచ్చినట్టు మా రసూలుకూ ఇచ్చిండు. మూసా పెండ్లాం పిల్లలున్నోడు, జనాన్ని నడిపించినోడు, మా రసూలూ అంతే. మూసా లాంటోడంటే ఇంకెవరు?

ఇస్రాయేలు లేచాడు. మోకాళ్లు నొచ్చాయి. "మోషే పుట్టినప్పుడు రాజు పిల్లల్ని సంపిండు. ఏసయ్య పుట్టినప్పుడూ సంపిండు. అది పోలిక గాదా?" అన్నాడు. "మల్ల అదే మోషే ఇంకో కాడ చెప్పిండు. రాజును పెట్టుకుంటే మీ అన్నదమ్ములల్లకెళ్లే పెట్టుకోండ్రి, బయటోన్ని పెట్టొద్దు అని. అక్కడ అన్నదమ్ములంటే సొంత జాతే. ఇక్కడ గూడ అంతే."

వాడవాళ్లు తలలూపారు. అయ్యగారి మొహం వెలిగింది.

"మంచిగ చెప్పినవ్," అన్నాడు మదార్ సాబ్. నిజంగానే అన్నాడు. "నేను ఒప్పుకుంట, బయటోడు పనికిరాడు. అయితే ఒక్కటి చెప్పు. ఒక్క తండ్రికి పుట్టినోడు ఇస్మాయిలు బయటోడెట్లయితడు?"

ఇదే చోటు. మూడు వారాలు మోసిన మాట ఇక్కడ దించాలి. ఇస్రాయేలు నోరు తెరిచాడు.

"ఆయన దాసి..."

"అయ్యా," అంది మంచంలోంచి ఈదమ్మ. గొంతు సన్నగా ఉన్నా అందరికీ వినబడింది. "ఆ పిల్లగాని తల్లి పేరేంది?"

అయ్యగారే చెప్పాడు. "హాగరమ్మా. ఆ ఇంట్లో దాసి."

"ఆమెనేం జేసిండ్రు?"

"పెద్దావిడ పడనివ్వలేదు. కొడుకుతో సహా పంపించేశారు. అరణ్యంలోకి."

"ఉత్త చేతులతోనేనా?"

"లేదమ్మా. రొట్టె ఇచ్చాడు, నీళ్ల తిత్తి ఒకటి భుజం మీద పెట్టాడు."

ఈదమ్మ కాసేపు ఊపిరి తీసుకుంది. "ఎంత తిత్తి?"

జనం గొల్లున నవ్వారు. "ముసల్ది సావుకాలంల తిత్తి బేరమాడుతాంది," అన్నాడు కృష్ణయ్య. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేక, "అది రాయలేదమ్మా," అన్నాడు.

ఇస్రాయేలు నవ్వలేదు. నిలబడ్డ చోటే లెక్క చేసుకుంటున్నాడు. ఊరు మొత్తంలో తిత్తి కుట్టినవాడు తనొక్కడే. గొర్లకాపర్లకు కుట్టాడు, అమ్రాబాదు అడవిలోకి పోయేవాళ్లకు కుట్టాడు. మనిషి భుజాన మోసేదంటే ఒక్క మేక తోలుది. తంగేడు చెక్కతో ఎంత ఊని పదును చేసినా నీళ్లు చెమర్చకుండా ఉండదు. ఎండలో నడిస్తే ఇద్దరికి ఒక్కనాటికి వస్తాయి. పిల్లవాడుంటే అదీ రాదు. ఇచ్చినవాడికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. తెలిసీ ఇచ్చాడు. దేవుడు చూసుకుంటాడనుకున్నాడేమో. తోళ్ల గుంతలు ఊరికి ఎంతో దూరం లేవని తను అనుకోలేదా?

"తాతగారూ," అన్నాడు అయ్యగారు మెల్లగా. "చెప్పండి. దాసి కొడుకు..."

"ఒక్క మేక తోలుది," అన్నాడు ఇస్రాయేలు. ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మంచం దిక్కు తిరిగాడు. "ఒక్క మేక తోలుదే ఉంటది చిన్నమ్మా. ఒక్కనాటి నీళ్లు."

చిన్నమ్మ అన్న మాటకు వాడలో ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈదమ్మ కండ్లు మూసుకుంది. విన్నదో లేదో.

"అన్నదమ్ముడే సాబ్," అన్నాడు ఇస్రాయేలు మదార్ సాబ్‌తో. "తండ్రి ఒక్కడయినంక కాదనుటానికి నేనెవ్వన్ని? ఎళ్లగొట్టినా అన్నదమ్ముడే."

పందిరి కింద గోల లేచింది. ఓడిపోయినం అన్నారు కొందరు. ముసలోనికి మతి తప్పిందన్నారు కొందరు. అయ్యగారు దగ్గరికొచ్చి, "ఏమిటండీ ఇది, మనం అనుకున్నదేమిటి?" అన్నాడు. ఆయన మొహం ఏడుపు మొహమైంది.

"వచ్చినాయన మా ఏసయ్యేనయ్యా," అన్నాడు ఇస్రాయేలు. "అందుల నాకు అనుమానం లేదు. గని దానికోసం ఒకన్ని అన్నదమ్ముడు కాదనుమంటే నాతోని కాదు. ఒక్కపారి కాదన్న. సాలు." కూచోవడానికి చేతితో గుంజ వెతుక్కున్నాడు. అలిసిపోయాడు.

సాయబుల ఇండ్ల నుంచి వచ్చిన వాళ్లలో ఒకడు మదార్ సాబ్ భుజం చరిచాడు. మదార్ సాబ్ ఆ చేయి తీసేశాడు. "నేను గెలిచిన్నని ఎవడన్న అంగట్ల అన్నడంటే పండ్లు రాలగొడుత," అన్నాడు. "ఈయన ఆ మాట అన్నది నాతోని కాదు."

భిక్షం మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇస్రాయేలు అతని దిక్కు చూడకుండానే అన్నాడు.

"అటు పట్టు తమ్మీ. ఇటు నేను పడుత."

మంచం మోసుకుని ఇద్దరూ తోళ్ల గుంతల దాకా పోయారు. దారిలో ముసలివాడు మూడుసార్లు దించమన్నాడు. మూడోసారి దించినప్పుడు భిక్షం అడిగాడు. "మరి నీకు జాగా?"

"గోడ పొంటి ఏడనో ఇంత దొరుకుతది. నాకేం తొందర."

ఈదమ్మ బేస్తవారం పొద్దున పోయింది. ఇస్రాయేలు ఎవరినీ పిలవకుండా పోయి రెండు రాళ్లూ పెరికాడు. కాళ్ల దిక్కుది తొందరగా వచ్చింది. తలాపుది ఇరవై ఏండ్లలో బాగా దిగింది, గడ్డపార పెట్టాల్సి వచ్చింది. గుంట మాత్రం భిక్షం తవ్వాడు. మట్టి గట్టిది, మధ్యాహ్నం దాకా పట్టింది. అయ్యగారు వచ్చి ప్రార్థన చేశాడు, ఇస్రాయేలుతో ఏమీ మాట్లాడలేదు. మదార్ సాబ్ దొడ్డి గోడ అవతల నిలబడి, అయిపోయేదాకా ఉండి పోయాడు.

తర్వాతి ఆదివారం సంఘ పెద్దగా అంజయ్య పేరు చదివారు. ఇస్రాయేలు ఎప్పుడూ కూచునే ముందు చాప మీద కాక వెనక గోడకు ఆనుకుని కూచున్నాడు. నడుముకు అదే నయమనిపించింది.

అంగడి నాడు కొట్టంలో మదార్ సాబ్ విల్లు సరిచేసుకుంటూ అన్నాడు. "అయితే ఆ రాజుల మాట ఉంది సూడు. దానికి నా కాడ ఇంకో జవాబుంది."

"ఉండనీ సాబ్. ఇయ్యాల నాకు శాతగాదు."

"ఎప్పుడు శాతనయితది?"

"ఒచ్చే అంగడికి సూద్దాం."

దొడ్డిలోంచి పెరికి తెచ్చిన రాళ్లు రెండూ కొట్టం ముందరే పడి ఉన్నాయి. వాటిని ఏం చేయాలో ఇస్రాయేలుకు తోచలేదు. కాళ్ల దిక్కుది ఎగుడుదిగుడుగా ఉంది, గోడకు చేర్చి పెట్టాడు. తలాపుది నున్నగా ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుని, నానిన తోలు దాని మీద పరిచి, కొట్టడం మొదలుపెట్టాడు.