నలభై నిమిషాల పిస్టన్

ఏడో తరగతితో నా చదువు ఆగింది. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లుగా టూ స్ట్రోక్ ఇంజిన్లే నాకు బడి, పంతుళ్లు, బెత్తం దెబ్బలూ. ఇప్పుడు ఆ బళ్లు తగ్గిపోయాయి. వాటితోపాటు నా షెడ్డు గుమ్మం తొక్కేవాళ్లూ తగ్గారు. లోకానికి పొగ గిట్టదట. లోకం వదిలే పొగ సంగతి ఎవరూ మాట్లాడరు.

మా ఆవిడ తమ్ముడు, అంటే మా బామ్మర్ది, ఫోర్ స్ట్రోక్ మెకానిక్. డిప్లొమా ఉంది. అతని వర్క్‌షాపు నేల మీద పళ్లెం లేకుండా భోంచేయొచ్చు. నా మీద ప్రేమ కూడా ఎక్కువే. షెడ్డు మూస్తే తన దగ్గరికే రావాలని నా కొలతకు నీలం చొక్కా కుట్టించి పెట్టాడు.

కొండ వెనకాల మట్టి ట్రాక్ ఉంది. దాని యజమానురాలు ఒకప్పుడు పందేలు గెలిచిన మనిషి, ఇప్పుడు ఎడమ మోకాలు వంగదు. కొత్తవాళ్లకు బండి నేర్పడానికి ఆరు డర్ట్ బైకులు కొనబోతోంది. టూ స్ట్రోక్ కొంటే వాటి మరమ్మతు పని నాది, ఫోర్ స్ట్రోక్ కొంటే బామ్మర్దిది. నాకొస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే నీలం చొక్కాయే గతి.

"ఆదివారం చెరో బండి తీసుకురండి. నేర్చుకునేవాళ్లు సాయంత్రం దాకా నడుపుతారు. ఏది మూలపడుతుందో, ఏది లేస్తుందో నేనే చూసుకుంటా" అందావిడ.

టూ స్ట్రోక్ పిస్టన్‌కు నూనె వేరే దారిలో అందదు. పెట్రోల్లోనే కలిపి పోయాలి. నేనెప్పుడూ కొలపాత్ర వాడలేదు. కంటితో పోస్తాను, వేళ్ల మధ్య రుద్దుతాను, వాసన చూస్తాను. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ గురి తప్పలేదు.

ఆదివారం పొద్దున నాకు పీకల్దాకా జలుబు.

"కలిపిన క్యాను ఏదో చూసి మరీ పొయ్యండి. పక్కనే సామాన్లు కడిగే పెట్రోలుంది" అంది మా ఆవిడ, స్పానర్లు గుడ్డలో చుట్టుకుంటూ. నా పనిలో సగం ఆమెదే. ఏ బోల్టుకు ఏ స్పానరో నేను అడగకముందే చేతిలో పెడుతుంది.

"నాకు చెప్తున్నావా?"

"మీకు కాకపోతే గోడకి చెప్తానా?"

ఒక క్యాను మూత తీశాను. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగానే తగిలింది. నా వేళ్లకు మంచినీళ్లయినా జిడ్డుగానే తగులుతాయన్న సంగతి అప్పుడు తట్టలేదు. వాసన చూశాను, రాలేదు. అయినా తల పంకించి, ట్యాంకు నిండా పోశాను.

మొదటి రెండు చుట్లు బండి పాట పాడింది. ఫోర్ స్ట్రోక్ వెనకాల గురకపెట్టుకుంటూ వస్తోంది. మూడో చుట్టులో ఎత్తు ఎక్కుతుండగా మా బండి కీచుమని అరిచి, వెనక చక్రం బిగుసుకుపోయి ఆగింది. నడుపుతున్న బ్యాంకు గుమాస్తా ఇసకలో మెత్తగా పడి, లేచి దులుపుకున్నాడు.

"బావా, నీ గుర్రం నిలబడే నిద్రపోయింది!" అన్నాడు బామ్మర్ది.

"పళ్లికిలించింది చాలు."

"అక్కా, బావని చూడు, తిడుతున్నాడు."

"తిట్టనీరా, ఇంకేం చేయగలరు పాపం."

దగ్గరికెళ్లి ట్యాంకులోకి టార్చి వేసి చూశాను. నూనె కలిస్తే పెట్రోలు రంగు మారుతుంది. ఇది నీళ్లలా తేటగా ఉంది. పాత పిస్టన్ అని చెప్పొచ్చు, ఆ గుమాస్తా సరిగా నడపలేదని చెప్పొచ్చు. ఆడలేక మద్దెల ఓడనడం నాకు తెలియని విద్యేం కాదు.

ట్రాకావిడ కుంటుకుంటూ వచ్చింది. "ఏం పోయింది మేస్త్రీ?"

"నా బుద్ధి" అన్నాను. "నూనె కలపని పెట్రోలు పోశాను."

ఆవిడ గడియారం చూసుకుంది. "సరే. ఎప్పటికి లేస్తుంది?"

"టీ తాగి రండి."

మా ఆవిడ అప్పటికే గుడ్డ పరిచేసింది. సీటు తీశాను, ట్యాంకు దించాను, ఇంజిన్ పైనుండే హెడ్డు విప్పాను. సిలిండర్ లాగితే పిస్టన్ పక్కలు గీతలు పడి ఉన్నాయి. ట్యాంకు అడుగున పాత కలిపిన పెట్రోలు కొంత మిగిలుండబట్టి సరిపోయింది, కింది బేరింగులు బతికాయి. సిలిండర్ గోడకు అంటుకున్న మరకల్ని గీకి, సన్న గరుకు కాగితంతో రుద్ది, వెంట తెచ్చిన కొత్త పిస్టన్, కొత్త రింగులు వేశాను. రింగులు నొక్కిపట్టింది మా ఆవిడ. బామ్మర్ది నవ్వు ఆపి, మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఇంతేనా బావా?"

"ఇంతేరా. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు?"

ట్యాంకు ఖాళీ చేసి, ఈసారి మా ఆవిడ చూసిచ్చిన కలిపిన పెట్రోలు పోసి కిక్ కొట్టాను. మూడో దెబ్బకు లేచింది. నలభై నిమిషాలు. ట్రాకావిడ టీ ఇంకా సగం గ్లాసుంది.

"నీ బండి నూనె లేకుండా నడిస్తే?" అని బామ్మర్దిని అడిగిందావిడ.

వాడు అబద్ధం ఆడడు, అదొక్కటే వాడి లోపం. "ఇంజిన్ మొత్తం దించాలండి. పైన వాల్వులు, క్యామ్‌లు, కింద క్రాంకు, అన్నీ చూడాలి. మూడు వారాలు. ఆ ఖర్చుతో బావ పది పిస్టన్లు వేస్తాడు. కానీ నూనె టైముకు మారిస్తే నా బండి ఆయన బండిలా ఏటేటా పిస్టన్ అడగదు."

"నువ్వు చెప్పు మేస్త్రీ. వాడి బండిలో మంచేంటి?"

చెబితే పని వాడికే పోవచ్చు. అయినా చెప్పాను. "మెత్తగా లాగుతుందండి. కొత్తవాళ్ల చేతిలో మాటిమాటికీ ఆగిపోదు. పెట్రోల్లో ఏదీ కలపక్కర్లేదు. నాలాంటివాడి వల్ల చెడిపోదు."

ఆవిడ గట్టిగా నవ్వింది. "ఇక్కడికొచ్చేవాళ్లంతా తప్పులు చేయడానికే వస్తారు. నాకు కావాల్సింది చవగ్గా తప్పు చేయనిచ్చే బండి. ఆరూ టూ స్ట్రోకే కొంటా. పని నీదే మేస్త్రీ. కానీ ఒక షరతు. పెట్రోలు క్యాను నువ్వు ముట్టుకోకూడదు. కలిపేది మీ ఆవిడ, కొలపాత్రతో."

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"నూనె కలిపే మనిషికి జీతం ఎంతండీ?"

"నువ్వే చెప్పు."

"ఈయనకెంతో అంత. పైన కాస్త."

"పైన ఎందుకు?" అన్నాను.

"మిమ్మల్ని క్యాను దగ్గరికి రానివ్వకుండా చూడాలి కదా. అది వేరే ఉద్యోగం" అంది.

ట్రాకావిడ చెయ్యి చాపింది, మా ఆవిడ పట్టుకుంది. బేరం అయిపోయింది. నన్నెవరూ అడగలేదు.