పదమూడు అనకూడదు

ఒక ఫోను పెట్టేలోపే ఇంకొకటి మోగుతోంది. ఎడమ చెవి కమిలిపోవడంతో డెల్ఫీన్ క్రౌజ్ రిసీవరును కుడి చెవికి మార్చుకుంది.

"తొమ్మిదో చానెల్. చెప్పండి."

"మా సీరియల్ ఏదీ? మింగేశారా?"

"నెట్‌వర్క్ మారిందండీ. ఇవాళ్టి నుంచి మన దగ్గర కొత్త కార్యక్రమాలు..."

"మన దగ్గరేంటి, మీ దగ్గర! మీరే చూసుకోండి!" ఠక్కున పెట్టేశారు.

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో టీవీ స్టేషను పెట్టినప్పటి నుంచీ డెల్ఫీన్ ఈ బల్ల దగ్గరే ఉంది. స్టేషను ఇప్పటికి కార్యక్రమాలు పంపే మూడు పెద్ద నెట్‌వర్కులతో కాపురం చేసి, తెంచుకుని, నాలుగోదానితో ముడి వేసుకుంది. ముడిపడ్డప్పుడల్లా పైవాళ్లు కేకు కోసి, సిబ్బందికి కొత్త గుర్తు వేసిన కాఫీ కప్పులు పంచుతారు. తిట్లు మాత్రం డెల్ఫీన్‌కి. పాత కప్పుల్లో ఒకదాంట్లో పెన్నులు, ఒకదాంట్లో క్లిప్పులు, ఇంకోదాంట్లో ఎండిపోయిన మొక్క ఉన్నాయి. కొత్తది అంటించిన ధర కాగితంతో సహా అలాగే ఉంది.

పాత నెట్‌వర్కు తన సీరియళ్లతో సహా నది అవతలి పదమూడో చానెల్‌కి పోయింది. ఆ అంకె నోట్లోంచి రాకూడదని, వస్తే ఆ రోజే ఇంటికని మేనేజరు ప్రెస్కాట్ ఆజ్ఞ. ఇంకో ఏడాది ఓర్చుకుంటే ఆమెకు పూర్తి పింఛను వస్తుంది. అందుకే పొద్దుటి నుంచీ నోరు కట్టుకుని కూర్చుంది.

రెండు గంటలు కావస్తుండగా ఓపల్ హార్గిస్ ఫోను చేసింది. నెట్‌వర్కు మారిన ప్రతిసారీ ఫోను చేసి దులిపేసే మనిషి. ఇద్దరూ ఎన్నడూ ముఖాలు చూసుకోలేదు. ఈసారి గొంతు పీలగా ఉంది.

"అమ్మాయ్, ఇవాళ సీరియల్లో లిడియా పెళ్లే! పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను. టీవీ పెడితే ఎవడో బహుమతుల చక్రం తిప్పుతున్నాడు."

"ఓపల్ గారూ, నెట్‌వర్క్..."

"మారిందిలే, నీ పాటే అది. ఎక్కడికి పోయిందో చెప్పు. డాక్టరు నాకు వచ్చే వారం మీద కూడా ఆశ పెట్టడం లేదే తల్లీ."

కేకు పళ్లెంతో ఎదురుగా నిలబడ్డ ప్రెస్కాట్ వద్దన్నట్టు వేలు ఊపాడు. డెల్ఫీన్‌కి ఒళ్లు మండింది. ఆ వేలు మీద, ఆ కేకు మీద, ఏడాది ఆగలేని ఓపల్ మీద కూడా.

"పదమూడు," అంది. "పదమూడుకి తిప్పండి."

"డెల్ఫీన్ గారూ! ఎన్నిసార్లు చెప్పాను మీకు!"

"మీరెన్నిసార్లు చెప్పారో గుర్తుంది. జనం నన్నెన్నిసార్లు తిట్టారో మీకు తెలుసా?"

"ఇక మీరు ఇంటికి వెళ్లొచ్చు."

"వెళ్తాను. ఆ కేకు మీరే తినండి."

రిసీవరులో ఓపల్ అరుస్తోంది. "దొరికిందే! పెట్టేయకు, ఫోను టీవీ దగ్గర పెడుతున్నా. నువ్వూ విను!"

డెల్ఫీన్ కోటు వేసుకుంది. పెన్నులున్న కప్పును సంచీలో పెట్టుకుంది. రిసీవరును కొత్త కప్పులో తలకిందులుగా నిలబెట్టి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయింది.

కొత్త నెట్‌వర్కు గుర్తున్న ఆ కప్పులోంచి పదమూడో చానెల్ పెళ్లిలో వాయిస్తున్న చర్చి ఆర్గన్ సంగీతం హాలంతా వినిపిస్తూనే ఉంది.