భూమన్న పట్టిన టేపు

చక్కెర ఫ్యాక్టరీ మూతబడి, సైరన్ ఆగిపోయి ఏండ్లయినా, సరిగ్గా ఆ పొద్దుటి డ్యూటీ వేళకే భూమన్న వచ్చి చేను తూర్పుమూల మీద నిలబడతాడు. ఆయన చచ్చిపోయి మూడేండ్లు. బతికున్నన్నాళ్లు డ్యూటీకి ఆలస్యం కాలేదు, ఇప్పుడూ కాడు. ట్రాక్టర్ల మీద పోయేవాళ్లు "బాగున్నవా భూమన్నా" అని పలకరిస్తే తలూపుతాడు. భార్య దేవవ్వ చాయ్ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టి, చల్లారినాక తనే తాగి, పసుపు పనిలో పడుతుంది.

పోయినేడు, ఉడికించి ఆరబోసిన పసుపునంతా అకాలవాన నానబెట్టింది. నల్లబడ్డ కొమ్ములను నిజామాబాద్ మార్కెట్‌లో ఎవ్వడూ ముట్టలేదు. ఈసారి కూడా తడిస్తే చేను అమ్ముకోవడమే. అందుకే ఆ తూర్పుమూలకు ఆనించి రేకుల షెడ్డు. రేకులు, పైపులు వచ్చి పడ్డాయి. పంచాయతీ పర్మిషన్ ఒక్కటే రాలేదు.

పంచాయతీ కార్యదర్శి సింధూజ కొలతలకు వచ్చింది. స్టీలు టేపు కొస పట్టడానికి మనిషి కావాలంటే భూమన్న చెయ్యి చాపాడు. ఇచ్చింది. ముప్పై అడుగులు. రాసుకుంది.

"భూమి ఈయన పేరు మీదనే ఉన్నది అవ్వా. ఈయన సంతకమన్న కావాలె, లేకుంటే చచ్చిపోయిండని సర్టిఫికెట్ తీసి నీ పేరుకు మార్పించుకోవాలె. ఇన్నొద్దులు ఎందుకు తియ్యలే?"

"పొద్దుగాల్నే ఎదురుంగ నిలబడే మనిషిని లేడని ఏ నోటితోని చెప్పాలె బిడ్డా? నీ మొగడైతే నువ్వు చెప్తవా?"

సింధూజ నవ్వలేదు. ఇంకుప్యాడ్ తెరిచింది. భూమన్న టేపు వదలకుండా, రెండో చేతి బొటనవేలు అద్ది కాగితం మీద పెట్టాడు. కాగితం తెల్లగానే ఉంది.

"గట్టిగ ఒత్తయ్యా! మూడేండ్లు పోసిన చాయ్ ఎటుపాయె?" దేవవ్వ కసిరింది.

ఇంకో రెండుసార్లు ఒత్తాడు. వేలికి సిరా అంటింది గాని కాగితానికి అంటలేదు.

సర్కారు కాగితానికి బతికినవాడు పనికొస్తాడు, చచ్చినవాడూ పనికొస్తాడు. పెండ్లాం కోసం నడుమ నిలబడ్డవాడికి మాత్రం అందులో గడి లేదు.

మంజీర దిక్కు నుంచి మబ్బు లేచింది.

"రాసేది నేనే అవ్వా. మాట మాత్రం నీదే కావాలె. ఉన్నడా, లేడా?"

దేవవ్వ ఆయన మొకం చూసింది. దినాల నాడు చుట్టాలంతా కూడి అడిగినా అనని మాట అది. భూమన్న, ట్రాక్టర్ వాళ్లకు ఊపినట్టే, తలూపాడు.

"లేడు."

టేపు సర్రున వెనక్కి వచ్చి సింధూజ చేతిలోని డబ్బాలోకి దూరింది.

తహసీల్దారు కచ్చేరు చుట్టూ తిరిగితే పేరు మారింది, పర్మిషన్ వచ్చింది. వెల్డింగ్ చేసే బంటి మూడు మూలలా గడ్డపారతో గుంతలు తవ్వి, తూర్పుమూలకు పోయి ఆగాడు.

"ఈడ తవ్వే పనే లేదవ్వా."

రెండు పాదాల వెడల్పున, మోకాలి లోతున గుంత ముందే ఉంది. పైపు దించితే కదలకుండా కూర్చుంది.

రేకులు ఎక్కిన మర్నాడే వాన దంచింది. పసుపు ఒక్క కొమ్ము తడవలేదు. తెల్లారి దేవవ్వ చాయ్ తెచ్చి ఆ పైపు మొదట్లో పెట్టింది. ట్రాక్టర్ ఒకటి పలకరించకుండానే పోయింది. చాయ్ చల్లారింది. ఎత్తి నోటి దాకా తెచ్చుకుంది గాని, లేడన్న ఆ నోట్లోకి అది దిగలేదు.