రెండు నాణేలు, ఒకే గీత

ఆమెది కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని. మైనంతో పన్ను అచ్చు తీయడం, లోహం కరిగించి పోత పోయడం, మెరుగు పెట్టడం పదహారేళ్లుగా చేస్తోంది. నాణేల పిచ్చి మాత్రం మేనమామ అంటించాడు. ఆదివారాలు ఇద్దరూ కలిసి నాణేల సంఘానికి వెళ్లేవారు.

ఆ ఆదివారం మామయ్య తన వెండి నాణెం బల్ల మీద పెట్టాడు. ఎనిమిది వందల ఏళ్ల నాటిది. ఒకవైపు గుర్రపు రౌతు, రెండోవైపు అరిగిన అక్షరాలు. ఎదురుగా ఉన్న లెక్కల టీచరమ్మ తన దగ్గరా అలాంటిదుందంటూ పర్సులోంచి తీసి పక్కన పెట్టింది. పోయినేడు కొన్నదట. ఒకే ముద్రతో కొట్టిన జంట దొరికిందని అంతా సంబరపడ్డారు.

మేనకోడలు భూతద్దం అందుకుంది. రౌతు భుజం మీద లోపలికి దిగిన సన్నటి గీత. రెండోదాని మీదా అదే చోట, అదే వంకరతో ఉంది.

"ముద్ర ఒకటైతే బొమ్మ ఒకేలా ఉంటుంది మామయ్యా. గీత అలా కాదు, చేతులు మారుతుంటే పడేది. రెండిటికీ ఒకేలా పడదు. ఒకదాన్నించి ఇంకోటి పోత పోశారు."

అయితే పాపం టీచరమ్మ మోసపోయిందన్నమాట అని మామయ్య జాలిపడ్డాడు. మేనకోడలు అంచులు చూసింది. టీచరమ్మ నాణేనికి సుత్తి దెబ్బకు అంచు నిజంగానే చీలింది. మామయ్యదాని మీద ఆ చీలికలు పైపైన గాడుల్లా ఉన్నాయి. అక్షరాల మూలల్లో సూదిమొనంత గుంటలు. పోతలో గాలి చిక్కితే వచ్చే అలాంటి గుంటలు ఆమె రోజూ చూసేవే. కొలిచి చూస్తే వెంట్రుకవాసి చిన్నది కూడా. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది.

"పోత పోసింది మీదే మామయ్యా."

నలభై ఏళ్లుగా నాణేలు చూస్తున్నవాడికి పాఠాలు చెబుతున్నావా అని ఆయన మండిపడ్డాడు. ఆమె గొంతు పెంచలేదు. ఈ నాణెం ఎప్పుడైనా ఇల్లు దాటిందా అని మాత్రం అడిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. రెండేళ్ల కిందట ఫొటో తీస్తానంటే ఒక దుకాణదారుడికి పది రోజులు ఇచ్చాడట. టీచరమ్మ కొన్నదీ ఆ దుకాణంలోనే.

కొన్ననాడే మామయ్య బరువు రాసుకున్న పుస్తకం సంచిలో ఉంది. త్రాసు తెప్పించి రెండూ తూచారు. పుస్తకంలోని అంకె టీచరమ్మ నాణేనికే సరిపోయింది. టీచరమ్మ దాన్ని ఆయన ముందుకు జరిపింది.

"మీ వస్తువు మీరు తీసుకోండి. నా సంగతి ఆ దుకాణంలో తేల్చుకుంటాను."

మర్నాడు ముగ్గురూ వెళ్లారు. తనకేం తెలియదన్న దుకాణదారుడు, మేనకోడలు రెండు నాణేలూ పెట్టి గీత, అంచు, బరువు ఒక్కొక్కటే చూపించేసరికి తప్పు ఒప్పుకుని, పోత పోసిన అచ్చు తెచ్చి ముందు పెట్టాడు. టీచరమ్మ డబ్బు ఆమె చేతికొచ్చింది. ఆ అచ్చు నాణేల సంఘం చేతికి వెళ్లింది.

ఇంటికొచ్చాక మామయ్య తన పెట్టెలన్నీ దించి, "అన్నీ ఒకసారి చూసిపెట్టవే" అన్నాడు. మూడు వందల పైచిలుకు నాణేలు చూడటానికి వారం పట్టింది. ఇంకో రెండు పోతలు బయటపడ్డాయి. రెండోదాన్ని ఆమె నోరు తెరవకముందే మామయ్యే పట్టుకున్నాడు.