యాంగ్ ఆయీ నేర్పిన చైనీసు

ఇరమ్ చైనీసు చదవడానికి కున్మింగ్ వెళ్ళిందంటే దానికి కారణం వాళ్ళ నాన్న జహూర్ ఒకనాడు చూసిన ఏసీ కారు.

జహూర్‌కు పాల్వంచలో మోటారు వైండింగ్ షాపు ఉంది. మూడేళ్ళ కిందట ఒక ఫ్యాక్టరీలో మెషిన్లు బిగించడానికి చైనా ఇంజనీర్లు వచ్చినప్పుడు, కాలిపోయిన మోటారు విప్పడానికి ఆయన్ని పిలిచారు. ఇంజనీర్లు ఎండలో నిలబడి చెమటలు తుడుచుకుంటుంటే, వాళ్ళ మాటలు మనవాళ్ళకు చెప్పే హైదరాబాద్ అమ్మాయి మాత్రం కారులో చల్లగా కూర్చుంది. ఎవరైనా పిలిస్తే అద్దం దించేది, నాలుగు ముక్కలు చెప్పేది, మళ్ళీ అద్దం ఎత్తుకునేది. జహూర్ ఆ పూట మోటారు కంటే ఆ అద్దాన్నే ఎక్కువ చూశాడు. ఆ తర్వాత డిగ్రీ అయిపోయిన కూతురికి చైనాలో ఏడాది భాషా కోర్సు, స్కాలర్‌షిప్పు, హాస్టలు ఉన్నాయని తెలియగానే ఇక ఆగలేదు. ఆడపిల్ల అంత దూరం ఎట్లా అని భార్య జహీదా అడ్డం పడితే, అక్కడ హాస్టల్‌కు వార్డెన్ ఉంటుందని చెప్పి ఆమె నోరు మూయించాడు.

వార్డెన్ ఉన్నమాట నిజమే. తర్వాత జరిగినదంతా ఆమె వల్లనే జరిగింది.

హాస్టల్లో ఇరమ్‌కు ఆరో అంతస్తులో గది ఇచ్చారు. లిఫ్టు లేదు. మొదటిరోజు ఆవకాయ డబ్బాలున్న పెట్టెను మెట్టు మెట్టుకూ కొట్టుకుంటూ ఈడ్చుకెళుతుంటే, పైన వరండాలో ఉన్న పిల్లలంతా ఒక్కసారి గొంతులు తగ్గించి "ఆయీ, ఆయీ" అన్నారు. ఇరమ్ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు, అందులో ఆయీ అంటే వచ్చిందని. "వచ్చింది, వచ్చింది" అంటున్నారనుకుని, ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది. నిజంగానే ఒకామె వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో తాళాల గుత్తి, ఎడమ చేతికి ఎర్ర పట్టీ. ఆమె పేరు యాంగ్. ఆయీ అంటే అక్కడ పిన్నీ, అత్తా అన్నట్టు ఒక పిలుపు. ఆ సంగతి తెలియడానికి ఇరమ్‌కు వారం పట్టింది. అయినా ఇబ్బందేమీ లేకపోయింది. పిల్లలు ఆయీ అన్నప్పుడల్లా ఆమె వస్తూనే ఉంది.

గదిలో వంట చేయకూడదు, హీటరు పెట్టకూడదు, కిటికీకి బట్టలు వేలాడదీయకూడదు. ఇరమ్ రైస్ కుక్కర్‌ను ఆయీ మూడుసార్లు పట్టుకుపోయింది. మూడోసారి దానిలో ఉన్న టమాటా పప్పుతో సహా పట్టుకుపోయి, మర్నాడు గిన్నె కడిగి ఇచ్చింది. పప్పు సంగతి మాత్రం ఎత్తలేదు.

క్లాసులో టీచర్లు లైబ్రరీకి దారి అడగడం, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడం నేర్పించేవారు. క్లాసు దాటితే ఇరమ్‌తో చైనీసు మాట్లాడేవాళ్ళు లేరు. గదిలో తోటి పిల్లది కిర్గిజ్‌స్తాన్, ఆమె ఫోనులో రోజంతా రష్యన్. మిగతావాళ్ళది ఇంగ్లీషు. మనసు విప్పి చైనీసులో మాట్లాడేది ఒక్క ఆయీయే. పైగా కింద ఆమె గదిలో హీటరు ఉంది. డిసెంబరు చలికి ఇరమ్ సాయంత్రం కాగానే అక్కడ చేరేది. ఆయీ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, కిటికీలోంచి వచ్చే పోయే పిల్లల్ని తిడుతుండేది. ఇరమ్ పక్కన కూర్చుని ఆ తిట్లన్నీ పొల్లు పోకుండా ఒంటబట్టించుకుంది.

జనవరిలో మౌఖిక పరీక్ష జరిగింది. కొత్త ఊళ్ళో ఒక పెద్దమనిషిని మర్యాదగా దారి అడగమన్నారు. ఇరమ్ ధైర్యంగా అడిగింది. టీచర్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. దారి అడిగినట్టు లేదనీ, దారిని ఎక్కడ దాచావో చెప్పమని నిలదీసినట్టుందనీ, పైగా ఆ యాస పల్లెలో ఉండే తమ అమ్మమ్మదనీ చెప్పింది. పాసుకు అరవై రావాలి. ఇరమ్‌కు యాభైనాలుగు వచ్చాయి. మార్చిలో మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు.

ఆ ముఖంతోనే సెలవులకు ఇంటికి వచ్చింది. రిజల్టు ఇంకా రాలేదని చెప్పింది. జహూర్ ఆ మాట పట్టించుకోలేదు. షాపుకు వచ్చిన ప్రతివాడి ముందూ కూతుర్ని నిలబెట్టి ఒక ముక్క మాట్లాడమనేవాడు. ఆమె నోటికి వచ్చినది మాట్లాడేది. వాళ్ళు ఎంతో సంతోషపడి వెళ్ళేవాళ్ళు. తడి చెప్పులు వరండాలో విడవొద్దని ఆమె తమతో అన్నట్టు వాళ్ళకు తెలియదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఏన్కూరు నుంచి చెంచురామయ్య కారేసుకుని వచ్చాడు. ఆయన పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఏన్కూరు దగ్గర భూములు కొని స్థిరపడ్డారు. ఆయన బోరు మోటార్లు ఇరవై ఏళ్ళుగా జహూరే చుడుతున్నాడు. ఈసారి తెచ్చింది మాత్రం మోటారు సంగతి కాదు. కల్లంలో మిర్చి వానకు తడిసి పాడైపోతోందని, చైనా నుంచి కాయ ఎండబెట్టే మెషిన్ తెప్పించాడట. కరెంటు పెడితే తెర మీద ఎర్ర అక్షరాలు కొట్టుకుంటున్నాయి తప్ప వేడి పుట్టడం లేదట. కొత్తగూడెం నుంచి ఇద్దరు ఎలక్ట్రీషియన్లు వచ్చి ఫ్యూజులు మార్చి వెళ్ళారు. అమ్మిన కంపెనీ కుర్రవాడికి ఇరవై రోజులుగా వాట్సాప్ పెడుతుంటే, వాడు అనువాదం యాప్‌తో తెలుగు చేయించిన జవాబులు పంపిస్తున్నాడు. చెంచురామయ్య ఫోను తీసి చూపించాడు. "గౌరవనీయ పాత మిరపకాయ గారూ, దయచేసి వెచ్చగా వేచి ఉండండి" అని ఉంది. కింద మూడు గులాబీలు.

"మబ్బు పట్టింది జహూర్ భాయ్. నలభై క్వింటాళ్ళ కాయ బయటే ఉంది. మీ అమ్మాయి ఒక్క మాట మాట్లాడితే చాలు" అన్నాడాయన.

జహూర్ అప్పటికే చొక్కా మార్చుకున్నాడు.

కల్లానికి చేరేసరికి గాలి చల్లబడింది. మిర్చి కుప్పల మీద టార్పాలిన్లు కప్పి, అంచులకు రాళ్ళు పెడుతున్నారు. పక్కన రేకుల షెడ్డులో మెషిన్ గదంత ఎత్తున నిలబడి ఉంది. చెంచురామయ్య భార్య నిర్మలాదేవి మజ్జిగ ఇచ్చింది. ఇరమ్ గ్లాసు పట్టుకునే తెర ముందుకు వెళ్ళింది. ఏడక్షరాలు ఉన్నాయి. అందులో ఆమెకు తెలిసినవి రెండు. ఒకటి గాలి, రెండోది కాదు. చెంచురామయ్య తన ఫోనులోని అనువాదం కూడా చూపించాడు. అందులో "గాలి అలిగింది" అని వచ్చింది. ఇరమ్ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేసింది. యాభైనాలుగు మార్కుల సంగతి ఇంతమంది ముందు బయటపడబోతోందని ఆమెకు అర్థమైంది.

"అమ్మాయ్, కాస్త మర్యాదగా మాట్లాడమ్మా. వాళ్ళతో మనకి పని" అంటూ చెంచురామయ్య నంబరు కలిపి ఫోను చేతికిచ్చాడు.

ఇరమ్ మర్యాద వాక్యాలన్నీ మనసులో వరసగా పేర్చుకుంది. అవతలి కుర్రవాడు ఫోనెత్తి, ఏదో తినుకుంటూ, పైవాళ్ళు ఊళ్ళో లేరు, వెచ్చగా వేచి ఉండండని మొదలుపెట్టాడు. ఆ నమిలే చప్పుడుకు పేర్చుకున్న వాక్యాలు కూలిపోయాయి. మిగిలింది ఆయీ చైనీసే.

"నీ జెంగ్ నా యాంగ్!" అంది ఇరమ్. యాంగ్ ఆయీ ఊళ్ళో దానికి, ఏం వెలగబెడుతున్నావని అర్థం. ఆ తర్వాత ఆమెకే ఆగడం చేతకాలేదు. నోట్లోది ముందు మింగు అంది. లోపల ఎవరున్నారో నాకు తెలుసు, తలుపు తియ్యి అంది. మూడు లెక్కపెడతాను అంది. మెషిన్ గురించి ఒక్క ముక్కా రాదు కాబట్టి, గదులు తనిఖీ చేసేటప్పుడు ఆయీ అనేవన్నీ ఉన్నవి ఉన్నట్టు అనేసింది. రెండు వరకు లెక్కపెట్టింది కూడా.

అవతల నమలడం ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడైంది. నాలుగేళ్ళు హాస్టల్లో చదివిన కుర్రవాడై ఉంటాడు, ఆ గొంతుకు మనిషి లేచి నిలబడిపోయాడు. "ఆయీ, కోపం చేసుకోకండి" అన్నాడు మెత్తగా. వీడియో పెట్టి తెర చూపించమన్నాడు. వీడియోలో ఇరవై రెండేళ్ళ పిల్ల కనిపించేసరికి, ఆయీని పిలవమని అడిగాడు. ఆయీని నేనే అంది ఇరమ్.

కుర్రవాడు తెర చూసి గబగబా ఏదో చెప్పాడు. ఇరమ్‌కు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. మూడోసారి చేత్తో గిర్రున తిప్పి చూపిస్తూ "ఫాన్, ఫాన్" అన్నాడు.

"ఫ్యాన్ అంటున్నాడు!" అన్నాడు చెంచురామయ్య. షెడ్డులో ఉన్నవాళ్ళంతా మెషిన్ వెనకున్న పెద్ద ఫ్యాను వైపు తిరిగారు.

కానీ చైనీసులో ఫాన్ అంటే తిరగబడిందని. ఆ మాట ఇరమ్‌కు బాగా తెలుసు. స్వెటర్ తిరగేసి తొడుక్కుని మెట్లు దిగినప్పుడల్లా ఆయీ ఆ మాటే అరిచేది. ఇరమ్ తండ్రి వైపు తిరిగింది. "అబ్బా, ఉల్టా అంటుండు. ఏందో ఉల్టా ఉందంట."

జహూర్ ముఖం వెలిగింది. ఫ్యాను తిప్పించి, గాలి లాగాల్సిన జాలీ దగ్గర ఒక కాగితం పెట్టాడు. కాగితం లోపలికి అతుక్కోవలసింది పోయి ఎగిరి నిర్మలాదేవి మజ్జిగ గిన్నెలో పడింది. మూడు ఫేజుల వైర్లలో రెండు అటూ ఇటూ అయి, ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. లోపలికి గాలి అందక మెషిన్ వేడి పుట్టించడం లేదు. జహూర్ కరెంటు తీయించి, రెండు వైర్లు మార్చి బిగించాడు. ఐదు నిమిషాలు పట్టింది. మళ్ళీ కరెంటు పెట్టగానే ఎర్ర అక్షరాలు పోయి పచ్చవి వచ్చాయి. కాసేపటికి మెషిన్ లోంచి వెచ్చటి గాలి, దానితోపాటు లోపల ముందే పోసి ఉన్న కాయల ఘాటు వచ్చాయి. అందరూ తుమ్మారు.

చెంచురామయ్య ముక్కు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు. "అయితే ఇది మీ పనేగా భాయ్. ముందే మిమ్మల్ని పిలిస్తే సరిపోయేది" అన్నాడు.

జహూర్ కూతురి వైపు చూడకుండా జవాబు చెప్పాడు. "మెషిన్ చైనాది గద సార్. దాని బాధ అది చైనీస్‌లనే చెప్పుకుంటది. నాకెట్ల తెలుస్తది?"

ఇంతకూ వాడితో ఏమన్నావమ్మా అని చెంచురామయ్య అడిగాడు. బతిమాలుకున్నానని ఇరమ్ చెప్పింది. ఆయన భార్య వైపు ఓరగా చూసి, తననూ ఇంట్లో ఇట్లాగే బతిమాలుతుంటారని అన్నాడు.

వాన పడేలోగా సగం కాయ మెషిన్‌లోకి చేరింది. మిగతాది షెడ్డు కిందికి తెచ్చారు. తండ్రీ కూతుళ్ళు సంచి నిండా మిర్చితో కొత్తగూడెం బస్సెక్కారు. జూలూరుపాడు దాటాక ఇరమ్ కిటికీ అద్దం వైపే చూస్తూ, తాను పరీక్ష తప్పానని చెప్పింది.

జహూర్ కూతురి వైపు తిరిగాడు. "ఎన్ని తక్కువైనయ్?" అని అడిగాడు.

"ఆరు."

"ఆరేనా?" అన్నాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయన కోపంగా లేడని, ఏదో చిక్కులో ఉన్నాడని ఇరమ్‌కు అనిపించింది. అడిగితే చెప్పాడు. "షాపుల నేను తొంభై అని చెప్పిన బిడ్డా. మసీదు కాడ తొంభై రెండని చెప్పిన. ఇప్పుడేం జెయ్యాలె?"

ఇరమ్ నవ్వు ఆపుకోలేక సంచిలో ముఖం పెట్టింది. అందులో ఉన్నది మిర్చి. కొత్తగూడెం దాకా ఇద్దరూ తుమ్ముతూనే ఉన్నారు.

మార్చిలో ఆమె మళ్ళీ పరీక్షకు వెళ్ళింది. సెలవులెట్లా గడిచాయని టీచర్ అడిగితే మిర్చి మెషిన్ కథ మొత్తం చెప్పింది. టీచర్ రెండుసార్లు నవ్వింది, యాసకు కొన్ని తగ్గించి అరవై ఎనిమిది వేసింది. ఈసారి జహూర్ షాపులోనూ, మసీదు దగ్గరా వచ్చిన మార్కులే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పిల్లకు దిష్టి, నజర్ తగులుతుందని తగ్గించి చెబుతున్నాడని అనుకున్నారు.