క్లియోఫస్ చెయ్యి

శనివారం పొద్దున ఏడింటికి కొట్టు వెనక గది తలుపు తెరుచుకునేది. మసాలా పట్టిన పంది పక్కటెముకల పలకల్ని క్లియోఫస్ మోసుకొచ్చి ఇటుక పొయ్యి మీద పరిచేవాడు. లోపల అతని భార్య వెర్డెల్ క్యాబేజీ తరుగుతూ కనిపించేది. పదకొండయ్యేసరికి హికరీ కట్టెల పొగ పార్క్ అవెన్యూ దాటి చర్చి దాకా పాకేది, జనం వరస కట్టేవారు.

మెంఫిస్‌లో, అందులోనూ ఆరెంజ్ మౌండ్ పేటలో, పక్కటెముకల్ని సాసు కింద దాచరు. పొడి మసాలాయే. దాన్ని ఉత్త చేత్తో రుద్దిన మనిషి చెయ్యి, తిన్నవాళ్ళ ఎడమ డొక్క మీద వచ్చి ఆనుతుంది. తెల్ల బ్రెడ్డు ముక్క తింటే పోతుంది. అందులో వింతేమీ లేదు. పొరుగింటి ఒడెస్సా కోడలు కోపంగా రుద్దిన రోజున ఇంటిల్లిపాదీ డొక్కలు పట్టుకు తిరిగారు. ఎవరో అధికారి వచ్చి చేతికి తొడుగులు వేసుకోమన్న ఏడాది, పేటంతా రబ్బరు తాకిడి భరించలేక అతన్ని వెళ్ళగొట్టింది.

క్లియోఫస్ చెయ్యి సంగతే వేరు. వెడల్పుగా, వెచ్చగా, ఎక్కడికీ తొందర లేనట్టు ఉండేది. చర్చి పెద్ద అయిన డీకన్ పర్విస్ కొడుకుని పూడ్చిపెట్టిన రోజున, చర్చి హాల్లో భోజనాల దగ్గర, ఆయన రెండు ఎముకలు కొరికి బల్ల మీద తల వాల్చాడు. ఆ రోజు బ్రెడ్డు ముట్టలేదు. "ఆ చెయ్యే లేకపోతే నేనూ వాడి పక్కనే పడుకునేవాణ్ణి" అని ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. క్లియోఫస్ వాకిట్లో గడ్డి ఆయనే కోస్తాడు, ఎవరూ అడక్కుండానే.

ఈ వసంతంలో క్లియోఫస్ మెట్ల మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మోచేతి దాకా కట్టు. కొట్టుకి ఆరు వారాలు తాళం. ఇక బరువులెత్తొద్దని డాక్టరు అనేసరికి, చర్చిలో లేచి నిలబడి ప్రకటించాడు: మూడు మసాలాలతో పోటీ పెడదాం, నెగ్గినవాళ్ళదే పొయ్యి.

పోటీకి దిగిన అన్న కొడుకు రోస్కో, ఆ సాయంత్రం వాళ్ళ వంటింట్లో, అప్పుడే నెగ్గినట్టు మాట్లాడాడు. "ఆ ఇటుకల పొయ్యి పీకేసి గ్యాసు యంత్రం పెడదాం బాబాయ్. పిన్ని ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చు."

"విశ్రాంతి కావాలని నేనెప్పుడన్నాన్రా?" అంది వెర్డెల్.

"నువ్వు అడిగే మనిషివా పిన్నీ? మేమే చూసుకోవాలి."

ఆవిడ కత్తి కింద పెట్టింది. మళ్ళీ తీసుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో మూడు పళ్ళేలు పెట్టారు. పేర్లు లేవు, అంకెలే. ఒకటో దాంట్లో కాఫీ పొడి, దాల్చినచెక్క. ఒడెస్సా ఒక ముక్క కొరికి నడుము తడుముకుంది.

"ఈ చెయ్యి నా జేబు వెతుకుతోందర్రా!"

అందరూ రోస్కో వైపు చూసి పడీపడీ నవ్వారు. రెండోది టెక్సాస్ నుంచి వచ్చిన పాస్టరుగారి అల్లుడిది. మర్యాదగా తట్టి వెళ్ళిపోయింది, అంతే. జనం బ్రెడ్డు నమిలి మూడో పళ్ళేనికి చేతులు చాచారు. ఏ ఆర్భాటమూ లేదు. ఉప్పు, మిరియాలు, ఎర్రటి పాప్రికా మిరప్పొడి, వెల్లుల్లి.

హాలు ఆగిపోయింది.

నలభై మంది ఒకేసారి ఎడమ డొక్క మీద అరచెయ్యి పెట్టుకున్నారు. నలభై మొహాలు ఒకేసారి క్లియోఫస్ వైపు, అతని మెడలో వేలాడుతున్న కట్టు వైపు తిరిగాయి. ఎవరి చేతిలోంచో ఎముక జారి నేల మీద టప్పుమంది.

"మోసం!" రోస్కో అరిచాడు. "బాబాయ్ ఎప్పుడో రుద్దిన పాతవి దాచి ఇవాళ తెచ్చి పెట్టారు!"

"నోర్ముయ్యరా" అన్నాడు డీకన్ పర్విస్. "పాతది చల్లగా తగులుతుంది. ఇది ఇవాళ్టిది. క్లియోఫస్, ఏదీ, ఓసారి ఆ వేళ్ళు కదుపు."

క్లియోఫస్ వేళ్ళు కదల్లేదు. నుదుటి మీద చెమట మాత్రం కదిలింది.

"మరి ఇదెవరి చెయ్యి?" అన్నాడు పర్విస్.

"నాది" అంది వెర్డెల్, వంటింటి గుమ్మంలోంచి. చేతిలో క్యాబేజీ సలాడ్ గిన్నె ఉంది.

ఒడెస్సా నోరు తెరిచింది. "అంటే ముప్పై ఏళ్ళుగా మా ఆయన డొక్క మీద చెయ్యేసింది నువ్వటే!"

ఒక్కరూ నవ్వలేదు. పర్విస్ కుర్చీ పట్టుకుని లేచాడు. "ఆ రోజు... మా వాడి రోజున కూడా..."

"నేనే పర్విస్. నలభై పలకలూ ఏడుస్తూ రుద్దాను. అందుకే ఉప్పు తగ్గించాను."

ఆయన ఇరవై ఏళ్ళు తప్పు మనిషికి రుణం తీరుస్తూ ఆ వాకిట్లో గడ్డి కోశాడు.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు పిన్నీ?" రోస్కో గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది.

"పెళ్ళైన కొత్తలో ఎవరో 'ఏం చెయ్యి నీది క్లియోఫస్' అన్నారు. ఈయన నవ్వాడు. రేపు చెబుతాడులే అనుకున్నా. ముప్పై ఒక్క ఏళ్ళ పొడుగుందిరా ఆ రేపు."

"నువ్వూ అడగలేదు కదా..." క్లియోఫస్ గొణిగాడు.

"అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. విరిగింది నీ చెయ్యి. కొట్టెందుకు మూశావ్?"

అప్పుడు తెలిసింది హాలుకి. ఆరు వారాల తాళం విరిగిన ఎముక కోసం కాదు. తెరిస్తే తెలిసిపోతుంది, అందుకు. పర్విస్ నడిచి వెళ్ళి, కొట్టు తాళంచెవి క్లియోఫస్ చొక్కా జేబులోంచి తనే తీసి, వెర్డెల్ చేతిలోని గిన్నె అందుకుని, ఆ చేతిలో పెట్టాడు.

తర్వాతి శనివారం వెనక గది తలుపు మూసుకోలేదు. వెర్డెల్ మోచేతుల దాకా మసాలాతో ఎర్రబడి అందరి ముందూ రుద్దింది. రోస్కో క్యాబేజీ తరిగాడు, రెండుసార్లు వేలు కోసుకున్నాడు. ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి.

పదకొండింటికి, వరస నిండుగా ఉండగా, క్లియోఫస్ ఒక చిన్న పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఎడమ చేత్తో రుద్ది, పొయ్యి ఓరన తనే కాల్చుకొచ్చిన మూడు ఎముకలు. మసాలా ఒకవైపు ముద్దగా, ఒకవైపు బోసిగా ఉంది. ఎవరి చెయ్యీ వాళ్ళకి తగలదు కనక, సొంత మసాలాయే తిన్న వెర్డెల్ డొక్క మీద ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరి చెయ్యీ పడలేదు.

ఆవిడ కొరికింది. ఉలిక్కిపడి పక్కకి చూసుకుంది. వణికే చెయ్యి, ఎక్కడ ఆనాలో తెలియని చెయ్యి, భయపడుతున్న చెయ్యి. రోస్కో బ్రెడ్డు అందించబోయాడు. ఆవిడ తీసుకోలేదు.

చాలాసేపు నమిలింది.

"ఉప్పెక్కువైంది" అంది చివరికి. "రేపు మళ్ళీ చెయ్యి."